కొత్త కాలనీలో సూపర్ మార్కెట్లు: ఏది అక్కడే కొనాలి, దేనికి హన్మకొండ దాకా పోవాలి

మీరు అడిగింది ఇదీ: కుమార్‌పల్లి నుంచి భీమారం దాటాక హసన్‌పర్తి రోడ్డు వైపు కొత్త కాలనీకి మారారు. ఇంటికీ ఇంటికీ మధ్య ఇంకా ఖాళీ ప్లాట్లే. అయినా నడిచిపోయే దూరంలో మూడు నాలుగు సూపర్ మార్కెట్లు తెరిచారు. మీ ఆయన నెల సామాను మొత్తం హన్మకొండలో పెద్ద మార్ట్‌ నుంచి ఒకేసారి తెద్దామంటున్నారు. మీ అత్తమ్మ వరంగల్‌లో టోకు సామాను అమ్మే బీటు బజార్‌కు పోతేనే అగ్గువ అంటున్నారు. మీకు ఇంటి దగ్గరే కొనాలని ఉంది కానీ ఆ షాపుల్లో సరుకు మంచిదేనా, తూకం, బిల్లు సక్కగా ఉంటాయా అని అనుమానం. పాత కిరాణంలో ఉన్నట్టు ఉద్దెర ఖాతా ఇక్కడ పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు.

మా బాపుది పరకాలలో కిరాణం దుకాణం. తర్వాత నేను హన్మకొండలో ఒక సూపర్ మార్కెట్‌కు చాలా ఏళ్లు కొనుగోళ్లు చూశాను. ఇప్పుడు ఉంటున్నది మీలాంటి కొత్త కాలనీలోనే. అందుకని కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

కొత్త కాలనీ షాపుల్లో మోసం కంటే ఎక్కువగా చూసుకోవాల్సింది సరుకు తిరుగుడు. కాలనీలో జనం నిండకముందే షాపు తెరుస్తారు. రేపు ఇళ్లు పడతాయి, అప్పటికి మంచి జాగా మనది కావాలని వాళ్ల లెక్క. అందులో తప్పేమీ లేదు, వ్యాపారం అట్లనే చేయాలి. కానీ ర్యాకులు ఖాళీగా కనబడితే గిరాకీ రాదు కాబట్టి మొదటి రోజే రెండు వేల రకాల సామాను నింపుతారు. వంద ఇళ్లకు అంత సామాను ఎట్లా కదులుతుంది? పాలు, పెరుగు, బ్రెడ్డు, కోడిగుడ్లు, చక్కెర, చాయ్‌పత్తా, మంచినూనె రోజూ పోతుంటాయి. సోయా గింజలు, ఓట్స్, పాస్తా, పండగ మసాలాలు, ఖరీదైన డ్రై ఫ్రూట్స్, బొంబాయి రవ్వ, మైదా ర్యాకులోనే కూర్చుంటాయి. ఒకే షాపులో ఒక సరుకు నిన్నటిది, దాని పక్కది నాలుగు నెలల కిందటిది. కాబట్టి "ఈ షాపు మంచిదా?" అని అడిగితే జవాబు దొరకదు. "ఈ సరుకు ఈ షాపులో ఎంత తొందరగా కదులుతుంది?" అని అడగాలి. ఇది పట్టుకుంటే మీ ఇంట్లో వాదన సగం తీరుతుంది.

ఎట్లా తెలుసుకోవాలి? షాపులోకి పోగానే గోధుమపిండి ర్యాకు దగ్గర నిలబడండి. ఒకే కంపెనీ 5 కిలోల ప్యాకెట్లు ముందున్నవి, వెనకున్నవి తీసి తయారీ నెల చూడండి. అన్నీ ఒకటి రెండు నెలల లోపువే అయితే ఆ ర్యాకు తిరుగుతున్నది. ముందు ఒక నెల, మధ్యలో ఇంకో నెల, వెనక మరో నెల ఉంటే ఆగిఆగి కదులుతున్నదన్నట్టు. పనిచేసే పిల్లలు పాతది ముందు, కొత్తది వెనక పెడతారు. అది సరైన పద్ధతే. మీరు వెనకది తీసుకున్నా ఎవరూ ఏమీ అనరు.

ఇంకో గుర్తు చెప్తాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా వస్తువుల మీద జీఎస్టీ తగ్గింది. ఒంటి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు, బిస్కెట్ల వంటివి 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. నెయ్యి, వెన్న 12 నుంచి 5కు వచ్చాయి. ఆ తేదీకి ముందు తయారైన ప్యాకెట్టు ఇంకా పాత ఎమ్మార్పీతో కనబడితే రెండు సంగతులు అర్థం చేసుకోండి. ఆ ర్యాకు కదలడం లేదు. బిల్లులో పాత ధరే పడుతున్నదా, తగ్గిన ధర పడుతున్నదా అని కూడా అడగాలి.

కంపెనీ సరుకుకూ, లోకల్ సరుకుకూ ఒక తేడా ఉంది. పెద్ద కంపెనీల డిస్ట్రిబ్యూటర్ల సేల్స్‌మెన్‌కు రోజుకో లైను ఉంటుంది. ఊరి చివరి కాలనీకి వారానికి ఒకసారి వస్తారు. గడువు తీరిన కంపెనీ సరుకు చాలావరకు వాపసు పోతుంది, లేటైనా సరే. అప్పడాలు, చిక్కీలు, కారప్పూస, చిన్న బ్రాండ్ల మసాలాలు, పచ్చళ్లు వాపసు తీసుకునేవాళ్లు తక్కువ. ఆ నష్టం షాపతని నెత్తిన పడుతుంది కాబట్టి అవి ర్యాకు మీద ఎక్కువ రోజులు ఉండిపోతాయి. వీటికి మాత్రం తేదీ చూడకుండా బుట్టలో వేయకండి. లోకల్ తిండి ప్యాకెట్ల మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఉందా అని కూడా చూడండి. లేకపోతే పక్కన పెట్టేయండి, ఎంత రుచిగా కనబడ్డా సరే.

అన్నింటికంటే ముఖ్యమైనది షాపు సొంత ప్యాకింగు. కందిపప్పు, శనగపప్పు, పెసరుపప్పు, పల్లీలు, రవ్వ, ధనియాలు బస్తాల్లో తెచ్చి, వెనక గదిలో అర కిలో, కిలో కవర్లలో నింపి, షాపు పేరుతో స్టిక్కరు వేస్తారు. షాపుకు నాలుగు రూపాయలు మిగిలేది ఇక్కడే. సబ్బుల మీద, కంపెనీ నూనె మీద మిగిలేది తక్కువ. సొంత ప్యాకింగు చెడ్డదని అనను, చాలాసార్లు కంపెనీ పప్పు కంటే మంచి పప్పు తక్కువకు దొరుకుతుంది. కానీ స్టిక్కరు మీద ఉన్న తేదీ కవరులో నింపిన తేదీ. పప్పు మిల్లులో పట్టిన తేదీ అది కాదు. బస్తా మూడు నెలలు మూలకు ఉండి, నిన్న కవర్లలోకి వచ్చినా తేదీ నిన్నటిదే పడుతుంది. అందుకే నేను పనిచేసే పిల్లవాణ్ని అడుగుతాను.

"తమ్మీ, ఈ కందిపప్పు ఎప్పుడొచ్చింది?"

"మొన్ననే ప్యాక్ చేసినం అంకుల్."

"ప్యాకింగు కాదురా, బస్తా ఎప్పుడొచ్చింది? లోపల బస్తా ఉంటే దాని మీద చీటీ చూపియ్యి."

మంచి షాపులో పిల్లవాడు నవ్వుతూ తీసుకుపోయి చూపిస్తాడు. రెండోసారి పోయినప్పుడు వాడే చెప్తాడు: "అంకుల్, పెసరుపప్పు పాతది, ఎల్లుండి కొత్తది వస్తది, అప్పుడు తీసుకోండి." అట్లా చెప్పే షాపు దొరికితే దాన్ని వదులుకోకండి. పది రూపాయలు ఎక్కువైనా నష్టం లేదు.

చీటీ చూడటం వీలు కాకపోతే కవరునే చూడండి. పప్పు కవరును వెలుతురుకు ఎత్తి పట్టుకుని అడుగు భాగం చూడండి. మెత్తటి పొడి చేరి ఉంటే, పప్పుబద్దల మీద సూది మొనంత రంధ్రాలు కనబడితే పురుగు పట్టింది. రవ్వ కవరును మెల్లగా వంచండి. గింజలు జలజల రాలాలి. దారం పట్టినట్టు గుత్తులుగా వేలాడితే లోపల పురుగు గూడు కట్టింది, ఎంత డిస్కౌంటు ఇచ్చినా వద్దు. కందిపప్పు అద్దంలా మెరుస్తుంటే పాలిష్ ఎక్కువైందని. కొంచెం మసకగా, బద్ద సైజు ఒకే తీరుగా ఉన్నది వండితే బాగుంటుంది. తాండూరు కందిపప్పు అని రాసి ఉంటే ధర ఎక్కువ చెప్తారు. దానికి 2022లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, మంచి పప్పే. కానీ కవరు మీద పేరు రాసినంత మాత్రాన తాండూరు పప్పు అయిపోదు, ఎక్కడి నుంచి తెచ్చారో అడగండి.

బియ్యం దగ్గర కొంచెం ఎక్కువ ఆగాలి, మన ఇళ్లలో ఖర్చు దాని మీదే ఎక్కువ కదా. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న లేబులు బియ్యం బస్తాకు 5 శాతం జీఎస్టీ పడుతున్నది. అప్పటి నుంచి మిల్లులు 26 కిలోల బస్తాలు కట్టడం మొదలుపెట్టాయి. దాని మీద పన్ను లేదు. ఇప్పుడు ఒకే షాపులో 25, 26 కిలోల బస్తాలు పక్కపక్కన ఉంటాయి. బస్తా రేటు చూసి తీసుకుంటే తప్పిపోతారు. 25 కిలోలది 1480, 26 కిలోలది 1500 అనుకోండి. మొదటిది కిలో 59 రూపాయల 20 పైసలు, రెండోది 57 రూపాయల 70 పైసలు. ఎక్కువ రేటున్న బస్తానే అగ్గువ.

రకం పేరు కూడా అడగండి. బీపీటీ అన్నా సాంబ మసూరి అన్నా ఒకటే, బాపట్లలో పుట్టిన 5204 రకం. జైశ్రీరామ్, హెచ్ఎంటీ సన్నగా పొడిపొడిగా వస్తాయని మన దగ్గర ఇష్టపడతారు. తెలంగాణ సోనా అంటే ఆర్ఎన్ఆర్ 15048, షుగర్ ఉన్నవాళ్లకు మంచిదని కొంటారు. దాని గ్లైసిమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత తొందరగా పెరుగుతుందో చెప్పే అంకె, మిగతా సన్నాల కంటే తక్కువన్న మాట నిజమే. కానీ అన్నం ఎంత తింటామన్నది అంతకంటే ముఖ్యం, డాక్టరు చెప్పిన కొలత మించకండి. రకం కంటే పంట కాలం అడగడం ఇంకా ముఖ్యం. "వానాకాలం వడ్లా, యాసంగి వడ్లా? పట్టి ఎన్ని నెలలైంది?" యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకు వస్తాయి కాబట్టి గింజకు పగులు వచ్చి నూకలు ఎక్కువ అవుతాయి. వానాకాలం సన్నాలు నవంబర్, డిసెంబర్‌లో వస్తాయి. కొత్తల్లో అన్నం ముద్దవుతుంది. ఆరేడు నెలలు ఆగిన తర్వాత పొడిగా అవుతుంది, నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, ఒదుగు వస్తుంది. సంక్రాంతికి సకినాలు చేసేటప్పుడు మాత్రం కొత్త బియ్యమే కావాలి. అప్పుడు పాత బియ్యం కోసం ఎక్కువ డబ్బులు పెట్టడం దండగ.

బస్తా తెచ్చి ఇంట్లో దించుకునే ముందు, అదే లాటులోవి అర కిలో అడిగి తెచ్చి ఒక పూట వండి చూడండి. కాలనీ షాపులో ఇది సాధ్యం, పెద్ద మార్ట్‌లో సాధ్యం కాదు. బియ్యం దగ్గర చిన్న షాపుకు ఉన్న అసలు బలం ఇదే. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు కదా, ఆ తర్వాత షాపుల్లో బియ్యం గిరాకీ తగ్గింది. కాబట్టి బస్తా ఎప్పుడొచ్చిందని అడగడం ఇప్పుడు ఇంకా అవసరం.

నూనె ప్యాకెట్ల సంగతికి వస్తాను. ఇది చాలామందికి తెలియక నష్టపోతున్నారు. లీటరు మంచినూనె అంటే సుమారు 910 గ్రాములు. ఇదివరకు ప్యాకెట్ల సైజులకు ప్రభుత్వం లెక్క ఉండేది, ఇప్పుడు కంపెనీ ఇష్టం వచ్చిన బరువులో కట్టుకోవచ్చు, బరువు మాత్రం ముద్రించాలి. అందుకే చూడటానికి లీటరు ప్యాకెట్టు లాగే ఉండి 850 గ్రాములు, ఇంకా తక్కువ కూడా వస్తున్నాయి. 910 గ్రాములది 150 రూపాయలు, 850 గ్రాములది 143 రూపాయలు అనుకోండి. ఏడు రూపాయలు తక్కువ కదా అని రెండోది తీసుకుంటాం. కిలోకు లెక్క కట్టితే మొదటిది 165, రెండోది 168. అగ్గువ అనుకున్నదే ప్రియం. పైగా నెలకు నాలుగు ప్యాకెట్లు వాడే ఇంట్లో 240 గ్రాముల నూనె తక్కువ వచ్చి, నెలాఖరుకు ఇంకో ప్యాకెట్టు కొనాల్సి వస్తుంది. ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ కింద చిన్న అక్షరాల్లో గ్రాముకు ఎంత, కిలోకు ఎంత అని వేస్తున్నారు. సబ్బులైనా, పప్పులైనా, చాయ్‌పత్తా అయినా పోల్చాల్సింది ఆ అంకెనే. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అన్న దగ్గర ఇంకా గట్టిగా పోల్చండి.

ఫ్రిజ్ సామాను గురించి ఒక్క మాట. మన వైపు ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే. చిన్న షాపుల్లో రాత్రి కరెంటు బిల్లు భయంతో డీప్ ఫ్రీజర్ ఆపేసేవాళ్లు ఉన్నారు. ఐస్‌క్రీం కప్పు మూత తీస్తే పైన మంచు గింజలు పేరుకుని, కింద గట్టిపడి ఉంటే ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని. ఫ్రోజెన్ బఠాణీ విడివిడిగా కదలాలి, ఇటుకలా ఒకే ముద్దయితే వద్దు. పెరుగు కప్పు మూత పైకి ఉబ్బినా, పనీర్ ప్యాకెట్టులో గాలి నిండినా తీసుకోకండి. పాలు పొద్దున్నే తెచ్చుకోండి. ముల్కనూరు మహిళల డెయిరీ వారి స్వకృషి, కరీంనగర్ డెయిరీ, విజయ, ఏదైనా సరే, తెల్లవారుజామున బండి దిగిన గంటలో కొన్నదానికీ, సాయంత్రం దాకా బయట ట్రేలో ఉన్నదానికీ చాలా తేడా.

కూరగాయలకు సూపర్ మార్కెట్ వద్దు. అత్యవసరానికి ఆలుగడ్డ, ఉల్లిగడ్డ వరకు సరే. మిగతావి చుట్టుపక్కల ఊర్ల అంగట్లో, హన్మకొండ రైతు బజార్‌లో, లేదా పొద్దున్నే బండి మీద వచ్చే వాళ్ల దగ్గర కొనండి.

ఇప్పుడు తూకం, బిల్లు. లూజు సామాను తూచేటప్పుడు కాటా మీద కవరో, డబ్బానో పెట్టాక సున్నా చేస్తున్నారా చూడండి. తూకం యంత్రానికి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. ఆ సర్టిఫికెట్టు కౌంటర్ దగ్గర పెట్టి ఉంటుంది, కనబడకపోతే అడగడానికి మొహమాటం వద్దు. డ్రై ఫ్రూట్స్ దగ్గర ఇది చాలా ముఖ్యం. జీడిపప్పు కిలో ధర చూస్తే మందపాటి డబ్బా బరువు పది గ్రాములు కలిసినా ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

బిల్లులో తేడాలు చాలావరకు కంప్యూటర్ దగ్గరే వస్తాయి. ఆఫర్ ముగిసిన రోజు కంప్యూటర్‌లో ధర మారుతుంది, ర్యాకు మీద చీటీ మారదు. కొత్త షాపుల్లో పనివాళ్లు తక్కువ కాబట్టి ఇది తరచుగా జరుగుతుంది. అందుకని కౌంటర్ దగ్గరే బిల్లు మీద ఒక చూపు వేయండి. ధర తేడా కనబడితే ర్యాకు చీటీ ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి, మారు మాట లేకుండా సరిచేస్తారు. బిల్లు కింద "మీరు ఆదా చేసింది 312 రూపాయలు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది ఎమ్మార్పీకి, వాళ్లు తీసుకున్న ధరకు మధ్య తేడా. పక్క షాపులో కూడా ఎమ్మార్పీకి తక్కువే అమ్ముతున్నప్పుడు ఆ 312 నిజంగా ఆదా అయినట్టు కాదు. ఏ షాపు అగ్గువో తేల్చుకోవాలంటే మీరు ప్రతి నెలా తప్పకుండా కొనే ఓ పది వస్తువుల ధరలు ఒక చీటీ మీద రాసి, రెండు షాపుల్లో పోల్చండి. ఒక వస్తువు మీద ఊరించే ధర పెట్టి, మిగతావాటి మీద రాబట్టుకోవడం వ్యాపారంలో ఉన్నదే.

ఫోన్ నంబరు ఇస్తేనే బిల్లు అంటే ఒప్పుకోకండి. బలవంతంగా నంబరు అడగొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లో షాపులకు సూచించింది. పాయింట్లు కావాలనుకుంటే ఇవ్వండి, అది మీ ఇష్టం. కవరుకు డబ్బులు అడిగితే ముందే చెప్పారా, దాని మీద వాళ్ల షాపు పేరుందా చూడండి. షాపు ప్రచారం ఉన్న కవరును ముందు చెప్పకుండా అంటగట్టి డబ్బులు తీసుకోవడాన్ని వినియోగదారుల కమిషన్లు తప్పుపట్టాయి. బట్ట సంచి వెంట తీసుకుపోతే ఈ గొడవే ఉండదు.

మీ అత్తమ్మ మాటకు వస్తాను. ఆమె చెప్పింది చాలావరకు నిజం, కానీ అన్ని సామాన్లకూ కాదు, అన్ని నెలల్లోనూ కాదు. బీటు బజార్‌కు ఏడాదికి ఒకటి రెండుసార్లు, సీజన్‌లో పోవాలి. వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎండుమిర్చి వస్తుంది. ఏడాది కారానికి అదే అదను. ఘాటుకు తేజ, రంగుకు చపాట కలిపి, ఎండబెట్టి, తొడిమలు తీసి, గిర్నిలో పట్టించుకుంటే ఏ ప్యాకెట్టు కారమూ దానికి సాటి రాదు. చపాట మన వరంగల్‌ది, 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. పిల్లలున్న ఇంట్లో దాని వంతు పెంచండి. పసుపు నిజామాబాద్, మెట్‌పల్లి వైపు నుంచి ఫిబ్రవరి తర్వాత కొత్తది దిగుతుంది. కొమ్ములు కొని పట్టించుకోండి. చింతపండు ఎండాకాలంలో కొత్తది వస్తుంది. కొత్త కందిపప్పు సంక్రాంతి తర్వాత. వీటికి ఇద్దరు ముగ్గురు కలిసి పోయి బస్తా పంచుకుంటే ఆటో కిరాయి పోను బాగా మిగులుతుంది. మీ కాలనీలో పక్కింటి వాళ్లతో పరిచయం పెరగడానికి కూడా ఇది మంచి దారి. కానీ నెలనెలా సబ్బులు, చక్కెర కోసం అంత దూరం పోతే మిగిలింది పెట్రోలుకే పోతుంది.

బెల్లం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో దాని లెక్క వేరు. మేడారం జాతర జరిగే ఏడాది సమ్మక్క సారలమ్మలకు బెల్లాన్నే "బంగారం" అని మొక్కు చెల్లిస్తారు కాబట్టి అది విపరీతంగా పోతుంది, ధర కూడా పెరుగుతుంది. గుడుంబా కాస్తారన్న భయంతో ఆబ్కారీ వాళ్లు అమ్మకాల మీద కన్నేసి ఉంచుతారు, కొన్నప్పుడు ఆధార్, ఫోన్ నంబరు అడుగుతారు. కంగారు పడకండి, రాసుకోనివ్వండి. జాతర అయిపోయాక షాపుల్లో బెల్లం మిగిలిపోతుంది. వానలు పడే నాటికి అది చెమ్మ పట్టి, రంగు మారి, పులిసిన వాసన వేస్తుంది. ఆ రోజుల్లో ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూడకుండా కొనకండి.

మీ ఆయన చెప్పిన పెద్ద మార్ట్ దేనికి మంచిదంటే బట్టల పౌడరు, ఒంటి సబ్బులు, టూత్‌పేస్టులు, ఫినాయిల్, కంపెనీ నూనె డబ్బాలు, పెద్ద గోధుమపిండి ప్యాకెట్లకు. వాళ్లు కంపెనీ దగ్గర లారీల లెక్కన కొంటారు, ఆ ధరకు కాలనీ షాపతను ఇవ్వలేడు, ఇవ్వమని అడగడం కూడా న్యాయం కాదు. గోధుమపిండి తప్ప ఇవి తొందరగా చెడిపోయేవి కావు కాబట్టి రెండు మూడు నెలలకు ఒకసారి పోయి తెచ్చుకోండి. చీటీ రాసుకుని పోండి. లేకపోతే ఆదా చేసిన దానికంటే ఎక్కువ, అవసరం లేని ప్లాస్టిక్ డబ్బాలకు, పిల్లల బిస్కెట్లకు పెట్టి వస్తారు.

మిగతాదంతా కాలనీలోనే కొనండి, అది కూడా ఒకే షాపులో కాకుండా రెండింటిలో. మొదటి రెండు నెలలు తక్కువ తక్కువ తీసుకోండి. ధనియాలు, జీలకర్ర, గసాలు, ఏలకులు 50, 100 గ్రాముల లెక్కన చాలు. మీ కాలనీలో ఏ షాపులో ఏ ర్యాకు తిరుగుతుందో అప్పటికి మీకే తెలిసిపోతుంది. ఇంకో మంచి పని ఏమిటంటే, కాలనీ వాట్సాప్ గ్రూపులో పది ఇళ్లవాళ్లు కలిసి షాపతనికి చెప్పండి: మాకు ఫలానా రకం బియ్యం, ఫలానా కంపెనీ పప్పు, మల్టీ గ్రెయిన్ పిండి కావాలి, తెస్తే మేము కొంటాం. ఏం తేవాలో తెలియకే వాళ్లు అన్నీ తెచ్చి పెట్టుకుంటారు. నేను కొనుగోళ్లు చూసిన రోజుల్లో గిరాకీ నోటితో అడిగిన సరుకు ఏనాడూ ర్యాకు మీద పాతబడలేదు.

ఉద్దెర సంగతి. బిల్లింగ్ కంప్యూటర్ మీద నడిచే షాపులో పాత పద్దు పుస్తకం లాంటిది చాలాచోట్ల పెట్టరు. యజమాని కౌంటర్‌లో కూర్చునే షాపైతే కొన్ని నెలల పరిచయం తర్వాత ఇస్తాడు. మీ జీతం ఒకటో తారీఖు దాటి పడుతుంటే అడగడంలో తప్పు లేదు. కానీ ప్రతిసారీ బిల్లు ముద్రించి తీసుకుని, దాని మీద "బాకీ" అని రాయించి దాచుకోండి, నోటి లెక్క వద్దు. ఉద్దెర ఉన్నప్పుడు పాత సరుకు ఇచ్చినా వాపసు అడగడానికి నోరు రాదు, అది గుర్తు పెట్టుకోండి. నా మట్టుకు నేను బియ్యం, పప్పు ఎప్పుడూ నగదుకే తీసుకుంటాను.

చివరగా, చెడిపోయిన సరుకు వస్తే ఏం చేయాలి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద బోర్డు ఉన్నా భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం తప్పుడు వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. ప్యాకెట్టు విప్పేటప్పుడే పురుగు కనబడితే ఫొటో తీసి, మిగతాది అట్లాగే మూతికట్టి, బిల్లుతో సహా షాపు యజమాని దగ్గరికే పోండి, పనిచేసే పిల్లల మీద అరవకండి. చాలావరకు అక్కడే తీరిపోతుంది. కాదంటే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడవచ్చు. షాపు పేరు, తేదీ, బిల్లు నంబరు, ప్యాకెట్టు మీది బ్యాచ్ నంబరు చేతిలో పెట్టుకుని మాట్లాడండి.